టర్బో బండికి పిస్టన్లు: నా అనుభవం

బండికి టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఎక్కించిన నెలకే నీలం పొగ, అంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందన్నమాట. విప్పితే మూడో పిస్టన్‌కి రెండు రింగుల మధ్య గట్టు విరిగి ఉంది. అంతకుముందు ఆయిల్, వాల్వ్ సీల్స్ మార్చిందంతా దండగే.

ఈసారి ప్రత్యేకంగా చేయించకుండా, రెడీగా దొరికే 0.5 మి.మీ. ఓవర్‌సైజ్ (అసలు సైజు కంటే అంత పెద్దవి) ఫోర్జ్‌డ్, అంటే లోహాన్ని ఒత్తి చేసిన గట్టి పిస్టన్లు కొన్నాను. 4032 రకం అల్యూమినియం మిశ్రమం, సిలికాన్ ఎక్కువ, వేడికి తక్కువ ఉబ్బుతుంది. అవి చేతికొచ్చాకే బ్లాకును కర్నూలులో బోరింగ్‌కిచ్చాను, అంటే పిస్టన్ తిరిగే రంధ్రాలను (బోర్) పెద్దవి చేయించడానికి. "అన్నా, ఒక్కో పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టే బోర్ కొట్టు" అని పక్కనే నిలబడ్డాను. తర్వాత పై రింగును బోర్‌లో పెట్టి, పిస్టన్‌ను తలకిందులుగా పట్టుకుని సమంగా కిందికి నెట్టి, రింగు రెండు కొసల మధ్య సందులో (గ్యాప్) 0.42 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరేదాకా ఒక కొసనే ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీశాను. అన్నిటికంటే ముఖ్యం ఇదే. గ్యాప్ చాలకపోతే వేడికి కొసలు ఒత్తుకుని గట్టు పగులుతుంది.

నాది 75.5 మి.మీ. బోరు, తక్కువ బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి). మీ గ్యాప్ పిస్టన్లతో వచ్చే కాగితం చూసి పెట్టుకోండి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా కాస్త తగ్గించాను కాబట్టి ఫలితమంతా పిస్టన్లదే అనలేను. మా ఎండాకాలం దాటింది, పొగ లేదు.