కుటుంబానికి తక్కువ ఖర్చుతో ఆరోగ్య బీమా: ఎంపికలో చూడవలసినవి

కొత్త పాలసీ కోసం వెతికే ముందు, ఇంట్లో ఎవరికి ఏ రక్షణ ఇప్పటికే ఉందో లెక్క చూసుకోవాలి. తెలంగాణలో ఆహార భద్రతా కార్డు ఉన్న కుటుంబానికి ఆరోగ్యశ్రీ కింద ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు, జాబితాలో ఉన్న చికిత్సలన్నీ ఉచితంగా అందుతాయి. 5 లక్షలుగా ఉన్న ఈ పరిమితిని 2023 డిసెంబరులో పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. నెలజీతం 21,000 రూపాయలు మించని ఉద్యోగి పనిచేసే సంస్థ ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉంటే, జీతంలో 0.75 శాతం కోతతో అతని మీద ఆధారపడిన వారికీ వైద్యం లభిస్తుంది. 70 ఏళ్లు నిండిన పెద్దలకు 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు వర్తిస్తోంది. కార్డు చేతిలో ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకుండా, ఇంటికి దగ్గరలోని ఆస్పత్రిలో ఏయే చికిత్సలకు అది పనికొస్తుందో అక్కడ రోగులకు పథకం విషయంలో సాయపడే ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఇవేవీ వర్తించని వారు, లేదా కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ ఉద్యోగంతోపాటే పోతుందని గ్రహించిన వారు సొంత పాలసీ తీసుకోవాలి. భార్యాభర్తలు, పిల్లలు కలిసి, ఒకే బీమా మొత్తాన్ని అందరూ పంచుకునే ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకుంటే ఖర్చు కలిసివస్తుంది. అయితే ఫ్లోటర్ ప్రీమియాన్ని సాధారణంగా అందరిలో పెద్దవారి వయసును బట్టి నిర్ణయిస్తారు కనుక, 63 ఏళ్ల తండ్రిని 35 ఏళ్ల కొడుకు పాలసీలో చేరిస్తే అందరి భారమూ పెరుగుతుంది. తల్లిదండ్రులకు విడిగా తీసుకోవడమే మేలు.

ధరలు పోల్చడానికి ఆరోగ్య సంజీవని మంచి కొలబద్ద. 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ ప్రామాణిక పాలసీలో ఏ కంపెనీ దగ్గర కొన్నా నిబంధనలు ఒక్కటే, ప్రీమియం మాత్రం మారుతుంది. ఇందులో ప్రతి క్లెయిమ్‌లోనూ 5 శాతం మనమే భరించాలి. గది అద్దె రోజుకు 5,000 రూపాయలు మించకూడదు.

ఈ గది అద్దె పరిమితిని చాలామంది చిన్న విషయంగా వదిలేస్తారు. ఏ పాలసీలోనైనా పరిమితి 5,000 ఉండగా 8,000 రూపాయల గదిలో చేరితే, పోయేది రోజుకు 3,000 మాత్రమే అనుకుంటాం. కానీ డాక్టరు ఫీజు, నర్సింగ్, ఆపరేషన్ థియేటర్ వంటి ఖర్చులకూ అదే నిష్పత్తిలో కోత పడవచ్చు. ఆ పద్దుల కింద బిల్లు 1,60,000 అయితే కంపెనీ అందులో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే లక్ష రూపాయలే ఇస్తుంది. మిగతా 60,000 డిశ్చార్జి రోజున మనమే కట్టాలి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. ఏడాదికి రెండు మూడు వేలు ఎక్కువైనా గది అద్దె పరిమితి లేని పాలసీనే నేను ఎంచుకుంటాను.

పెద్ద మొత్తానికి బీమా కావాలంటే 5 లక్షల మూల పాలసీకి, ఏడాది మొత్తం ఖర్చు 5 లక్షలు దాటాక పనిచేసే సూపర్ టాప్-అప్‌ను జతచేస్తే, అంత మొత్తానికీ ఒకే పాలసీ కొనడం కంటే సాధారణంగా చవక. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ లేదు కనుక, ఎవరైనా పాత రేటు చూపిస్తే నిలదీయండి.

దరఖాస్తును మాత్రం మీ చేత్తోనే నింపాలి. "షుగర్ సంగతి రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని ఏజెంటు సలహా ఇస్తే వినవద్దు. ఉన్న జబ్బును చెప్పి తీసుకుంటే గరిష్ఠంగా 36 నెలల నిరీక్షణ తర్వాత దానికీ చెల్లిస్తారు. దాచిపెడితే అసలు క్లెయిమే తిరస్కరణకు గురికావచ్చు. పాలసీ చేతికి అందాక దానితో వచ్చే దరఖాస్తు నకలును తీసి, మీరు చెప్పిన జబ్బులన్నీ అందులో నమోదయ్యాయో లేదో చూడండి. తప్పుంటే వెంటనే రాతపూర్వకంగా సరిచేయించండి. నిబంధనలే నచ్చకపోతే 30 రోజుల్లోగా పాలసీని తిప్పి పంపి, కొద్దిపాటి కోతతో డబ్బు వెనక్కి తీసుకోవచ్చు.