పానగల్లు గుడి నీడ, దీపం: కథలో బొమ్మల్ని కదిలించడం

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. అక్కడ గర్భగుడి గోడ మీద పడే స్తంభం నీడ పొద్దంతా ఒకేచోట ఉంటుంది. మా ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఆ గుడి మీద రెన్‌పైలో (బొమ్మలతో, ఎంపికలతో నడిచే కథల ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒక కథ చేస్తున్నాను. నాయనమ్మతో వచ్చిన పిల్ల గుడిలోకి పోవాలా, ఉదయసముద్రం చెరువు కట్ట మీదికి పోవాలా అన్నది చదివేవాళ్లే ఎంచుకుంటారు.

మొదట నీడను ఎడమ నుంచి కుడికి జరిపాను. ఒక అమ్మాయి చూసి "టీచర్, అక్కడ నీడ జరగదు కదా" అంది. నిజమే. నీడను అట్లనే ఉంచి, మండపం నేల మీది ఎండను జరిపాను. అప్పుడు నీడ ఎంత కదలకుండా ఉందో పిల్లలకు కనబడింది. ఏం కదలాలో ముందు తేల్చుకోండి, కోడ్ సంగతి తర్వాత.

నీడ, ఎండ, దీపం మూడూ వేర్వేరు పీఎన్‌జీ బొమ్మలుగా, వెనక ఖాళీగా ఉండేట్టు సేవ్ చేయండి. జేపీజీలో అయితే చుట్టూ డబ్బా కనబడుతుంది. బొమ్మ పేరులో మొదటి మాట ఒక్కోదానికి ఒక్కోటి ఉండాలి. రెండింటికి అదే మాట పెడితే ఒకటి రాగానే ఇంకోటి పోతుంది.

స్థానం రాసేటప్పుడు చుక్క మరవకండి. 1 అంటే ఒక్క పిక్సెల్, 1.0 అంటే తెర మొత్తం వెడల్పు. నేను చుక్క మరిచిపోతే ఎండ ఎడమ అంచుకు అతుక్కుపోయింది, కారణం దొరకడానికి ఒక సాయంత్రం పోయింది.

ఎండకు 'ఈజ్' వాడి 8 సెకన్లలో 0.3 నుంచి 0.6కు జరపండి. మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది. 'లీనియర్' ఒకే వేగంతో పోతుంది, ఎండకు అది నప్పదు.

దీపం దగ్గర ఓపిక కావాలి. ఆల్ఫా అంటే బొమ్మ ఎంత కనబడాలో చెప్పే అంకె, 0.0 అయితే అసలు కనబడదు, 1.0 అయితే పూర్తిగా కనబడుతుంది. దాన్ని 0.0తో మొదలుపెట్టి 2 సెకన్లలో 1.0కు తెస్తే దీపం వెలిగినట్టుంటుంది. తర్వాత 0.3 సెకన్లలో 0.8కి తగ్గి, 0.5 సెకన్లలో మళ్లీ 1.0కు రావాలి. రెండు సమయాలూ సమానంగా ఉంటే ట్యూబ్‌లైటు కొట్టుకున్నట్టుంటుంది. తగ్గి పెరిగే ఈ రెండు వరుసలనూ విడిగా ఒక 'బ్లాక్' (కలిసి నడిచే వరుసల గుంపు) కింద పెట్టి, మళ్లీ మళ్లీ నడిపే 'రిపీట్'ను దాని లోపలే రాయండి. బయట రాస్తే అంతా మొదటికొస్తుంది, దీపం ప్రతిసారీ ఆరి వెలుగుతుంది. మంట పెరిగినట్టు చూపాలంటే నిలువు యాంకర్ (బొమ్మలో ఏ చోటు కదలకుండా నిలవాలో చెప్పేది) 1.0, అంటే బొమ్మ అడుగుకు, పెట్టి జూమ్ మార్చండి. అడుగు కదలదు, మంట పైకి లేస్తుంది.

ఆట నడుస్తుండగా షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే మార్చిన స్క్రిప్టు వెంటనే లోడవుతుంది.

పిల్ల కట్ట వైపు పోయే దారిలో కొత్త బొమ్మను 'సీన్' తోనే తెప్పించండి. అది పాతవన్నీ తుడిచేస్తుంది. 'షో' అని రాస్తే పాతవి పోవు, గుడి దీపం ఉదయసముద్రం నీళ్ల మీద వెలుగుతూనే ఉండొచ్చు.