సైకిల్ చైన్, క్యాసెట్ ఎప్పుడు మార్చాలి?

లేచి నిలబడి తొక్కుతుంటే చైన్ ఎగిరి కాలు జారేదాకా ఆగకండి. అప్పటికి చైన్‌తో పాటు క్యాసెట్, అంటే వెనక ఉండే గేర్ల పళ్లచక్రాల గుత్తి, కూడా అరిగిపోయి ఉంటుంది. చైన్ ఒక్కటీ వేళకు మారిస్తే అదే క్యాసెట్ రెండు మూడు చైన్ల కాలం నడుస్తుంది. అలాగని చైన్ మార్చిన ప్రతిసారీ సెట్టంతా మార్చేయమనే మెకానిక్ మాట వినక్కర్లేదు. కొలిచి చూసి, అరిగినదాన్నే మార్చండి.

కావలసినవి పాత గుడ్డ, మంచి వెలుతురు, అంగుళాల గీతలున్న స్టీలు స్కేలు. స్కేలు 12 అంగుళాల కంటే పొడవుండాలి. టేపు వద్దు, అది వంగుతుంది. లింకులను కలిపే పిన్నుల తలలు స్పష్టంగా కనబడేలా చైన్‌ని తుడిస్తే చాలు.

ఇక కొలత. పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. చైన్ సాగిందని అందరం అంటాం గానీ ప్లేట్లు సాగవు. పిన్నూ, దాని మీద తిరిగే లోపలి ప్లేటూ ఒరుసుకుని అరుగుతాయి. ఒక్కో పిన్ను దగ్గర ఏర్పడే సందు కంటికి ఆనదు. కొత్త చైన్‌లో పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అర అంగుళం ఉంటుంది, అంటే 24 లింకులకు 12 అంగుళాలు. ఆ సందులన్నీ కలిసి ఈ 12 అంగుళాలను ఎంత పెంచాయన్నదే మనం చూడాలి.

చైన్ వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే అరుగుదల దాక్కుంటుంది. కాబట్టి వేలాడే కింది వైపు కొలవకండి. వెనక బ్రేక్ పట్టి, పెడల్‌ని ముందుకు నొక్కితే పైవైపు చైన్ బిగుస్తుంది. అక్కడ కొలవాలి. బ్రేకూ పెడలూ ఇంకొకరికి అప్పగించండి, స్కేలుకి మీ రెండు చేతులూ కావాలి.

స్కేలు చివర నుంచి మొదలుపెట్టవద్దు, ఆ మూల తరచూ దెబ్బతిని ఉంటుంది. 1 అంగుళం గీతను ఒక పిన్ను ఎడమ అంచుకి సరిగ్గా ఆనించి, 13 గీత దగ్గరున్న పిన్ను ఎడమ అంచు ఎక్కడుందో చూడండి. పిన్ను మధ్య భాగాన్ని అంచనా వేయొద్దు, అది చూసిన ప్రతిసారీ కాస్త మారుతుంది. కన్ను గీతకు ఎదురుగా ఉండాలి. పక్క నుంచి చూస్తే అర మిల్లీమీటరు తేడా ఇట్టే వచ్చేస్తుంది, ఇక్కడ నిర్ణయమంతా ఒకటిన్నర మిల్లీమీటరు మీదే ఉంది. ఇంకో రెండు చోట్ల కూడా కొలవండి.

పిన్ను అంచు 13 గీతను దాటి అంగుళంలో పదహారో వంతు, అంటే 1.6 మిల్లీమీటర్లు ముందుకెళ్తే అరుగుదల అర శాతం. వెనక 11 లేదా 12 పళ్లచక్రాలుంటే చైన్ మార్చేయండి. 10 లేదా అంతకంటే తక్కువుంటే ముప్పావు శాతం, సుమారు 2.3 మిల్లీమీటర్ల దాకా వాడుకోవచ్చు. గేర్లు లేని సైకిలుకు ఒక శాతం వరకు ఫర్వాలేదు.

అరుగుదల చూసే పనిముట్టు, చైన్ గేజ్ ఉందిగా అంటారు. చాలా గేజ్‌లు రెండు చివర్లా రోలర్లను, అంటే లింకుల మధ్య తిరిగే చిన్న గుండ్రటి ముక్కలను, చెరోవైపు నెడతాయి. దాంతో రోలర్ల వదులు కూడా లెక్కలో కలిసి, ఇంకా నడవగల చైన్ చెత్తబుట్టలోకి పోతుంది. చైన్ మార్చమని గేజ్ చెప్పినా సరే, స్కేలు ఒప్పుకున్నాకే మార్చండి.

క్యాసెట్‌ని చూపుతో తేల్చకండి. గేర్ తేలిగ్గా మారడానికి కొన్ని పళ్లను తయారీలోనే పొట్టిగా, ఏటవాలుగా కోస్తారు. వాటిని చూసి అరిగిపోయిందని కంగారుపడేవాళ్లు ఎందరో! కొత్త చైన్ వేసి, ఖాళీ రోడ్డు మీద సీటులో కూర్చునే ఒక్కో గేర్‌లో గట్టిగా తొక్కండి. ఎక్కువగా వాడే ఒకటి రెండు పళ్లచక్రాల మీదే చైన్ ఎగురుతుంటే క్యాసెట్ పని అయిపోయినట్టే. అన్ని చక్రాల మీదా, చైన్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి ఎగురుతుంటే ఏదో లింకు బిగుసుకుంది. పెడల్‌ని మెల్లగా వెనక్కి తిప్పండి, డీరెయిలర్ (వెనక చైన్‌ని ఒక గేర్ నుంచి ఇంకోదానికి జరిపే భాగం) చిన్న చక్రాల మీదుగా వచ్చేటప్పుడు ఆ లింకు వంగకుండా పైకి లేచి కనిపిస్తుంది. గేర్ కేబుల్ సర్దుబాటు కూడా చూశాకే క్యాసెట్ కొనండి.

పెడల్ దగ్గరుండే ముందు పళ్లచక్రం, చైన్‌రింగ్, అన్నిటికన్నా ఎక్కువ కాలం ఉంటుంది. పళ్లు కొక్కేల్లా ఒకవైపు వంగి, శుభ్రమైన చైన్‌ని కూడా కింద వదలకుండా పైకి లాక్కెళ్తుంటే మార్చండి. డీరెయిలర్ పై చక్రం పక్కలకు కాస్త ఊగుతుందని మాత్రం మార్చకండి, చాలావాటిలో ఆ ఊపు కావాలనే పెడతారు.