ఇంజిన్ పై కవరు, కింది కవరు: విరగకుండా విప్పే పద్ధతి

బానెట్ ఎత్తగానే కనిపించే నల్లటి ప్లాస్టిక్ కవరును చాలామంది అలంకారంగా భావిస్తారు. నిజానికి దాని అడుగున ఉండే స్పాంజి పొర ఇంజిన్ చప్పుడును కొంత తగ్గిస్తుంది. నిప్పురవ్వకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిళ్లను గాని, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లను గాని చూడాలంటే చాలా కార్లలో ముందుగా తీయవలసింది దీనినే.

కాలుతున్న ఇంజిన్ మీద చేయి పెట్టకూడదన్నది అందరికీ తెలిసిందే అయినా, పూర్తిగా చల్లబడిన ఇంజిన్ కూడా ఈ పనికి అంత అనుకూలం కాదు. ఏళ్ల తరబడి వేడికి కాగిన, కవరును పట్టి ఉంచే రబ్బరు బుష్‌లు, అవి కూర్చునే ప్లాస్టిక్ గూళ్లు చలికి మరింత బిగుసుకొని, లాగగానే పుటుక్కున విరుగుతాయి. మే నెలలో హనుమకొండ ఎండలో నిలిపిన కారుకు ఈ చిక్కు రాదు గాని, డిసెంబరు ఉదయం అయితే ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, కవరు గోరువెచ్చగా ఉన్నప్పుడు పని మొదలుపెట్టడం మంచిది. తాళం తీసిన తరువాత కూడా కొన్ని కార్లలో రేడియేటర్ ఫ్యాను తనంతట తానే తిరుగుతుంది కనుక బ్యాటరీ నెగెటివ్ తీగను ముందే విప్పి పక్కకు పెట్టాలి.

కవరును లాగే ముందు అది దేనితో నిలిచి ఉందో వెతకాలి. కొన్ని కవర్లకు 10 నంబరు పానా పట్టే బోల్టులో, నట్లో ఉంటాయి. కొన్నింటికి ఏ బోల్టూ కనిపించదు. ఇంజిన్ మీది గుండు తల మేకులు కవరు అడుగున ఉన్న రబ్బరు బుష్‌లలోకి దూరి పట్టుకొని ఉంటాయి. మరికొన్నింటిలో ఎయిర్ ఫిల్టర్ కవరులోనే అమరి ఉంటుంది. అలాంటప్పుడు గాలి గొట్టపు క్లిప్పును, సెన్సర్ ప్లగ్గును విప్పకుండా ఎత్తితే తెగేది తీగే. ఆయిల్ మూత కవరు మీదుగా బయటికి వచ్చి ఉంటే దానిని తీసి, కవరు ఎత్తిన వెంటనే మూతను మళ్లీ బిగించాలి. తెరిచిన ఆ రంధ్రంలోకి చిన్న నట్టు జారిపడితే ఇంజిన్ విప్పవలసిన పరిస్థితి వస్తుంది.

బోల్టులు లేని కవరును ఒక మూల పట్టుకొని గుంజకూడదు. వేళ్లను అంచు కిందికి పోనిచ్చి, బుష్ ఎక్కడుందో తడిమి చూసి, సరిగ్గా దాని పక్కనే నిటారుగా పైకి లాగాలి. ఒకటి ఊడిన తరువాతే రెండో దాని దగ్గరికి వెళ్లాలి. మొండికేస్తే స్క్రూడ్రైవర్‌తో మీటడం కంటే అటూ ఇటూ కొద్దిగా కదుపుతూ లాగడమే మేలు.

కవరు కింద ఏముంటుందో ముందే చెప్పలేము. పత్తి సీజన్‌లో ఒకసారి నా కారు కవరు ఎత్తితే, ఎలుక పత్తిని, స్పాంజి ముక్కలను కలిపి కట్టుకున్న గూడు కనిపించింది. పక్కనే ఒక తీగ పైపొర సగం కొరికి ఉంది. ఎలుక మూత్రం వల్ల జబ్బులు సోకే ప్రమాదం ఉంది కనుక అలాంటి చెత్తను ఊదకుండా, పొడిగా ఊడ్చకుండా, చేతి తొడుగులు, ముఖానికి మాస్కు వేసుకొని తడి గుడ్డతో ఎత్తివేయాలి.

ఇంజిన్ అడుగున, నేల వైపు ఉండే కింది కవరు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఆయిల్ మార్చడానికే అయితే, పాత ఆయిల్‌ను కిందికి వదిలే డ్రెయిన్ బోల్టు దగ్గర చిన్న తలుపో, కిటికీయో ఉందేమో ముందు చూడాలి. ఉంటే మొత్తం విప్పనక్కరలేదు. విప్పవలసి వస్తే గట్టి, చదునైన నేల మీద కారును జాకీతో ఎత్తి, తప్పనిసరిగా స్టాండ్ల మీద నిలపాలి. జాకీని ఒక్కదానినే నమ్మి కారు కిందికి దూరకూడదు. మన వైపు గ్రానైటు ముక్కలకు కొదవ లేదు కనుక వాటిని ఆసరాగా పెట్టేవారున్నారు. రాయి గట్టిదే, కాని నున్నని రాతి మీద ఇనుము జారుతుంది; ఇటుక అయితే ఏకంగా పగిలిపోతుంది.

ఈ కవరుకు బోల్టులతో పాటు ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. వాటి బురదను ముందు నీళ్లతో కడగాలి. క్లిప్పు నడిమి పుల్లకు అంచు ఉంటే దానిని చదును స్క్రూడ్రైవర్‌తో పైకి లేపాలి. అంచు లేకుండా నడుమ గుంట మాత్రమే ఉంటే పుల్లను కొద్దిగా లోపలికి నొక్కాలి. ఆ తరువాతే క్లిప్పు ఊడివస్తుంది. చివరి రెండు బోల్టులను ఎదురెదురు మూలల్లో ఉంచి, ఒక చేత్తో కవరును ఆపి పట్టి విప్పాలి. లోపల నిలిచిన ఆయిలో, మట్టో ముఖం మీద పడకుండా కళ్లద్దాలు పెట్టుకోవాలి. యాసంగి వడ్లు రోడ్ల మీద ఆరబోసే రోజుల్లో గడ్డి పోచలు అందులో చేరి ఉంటాయి. సైలెన్సర్ గొట్టం వేడికి ఎండుగడ్డి అంటుకోగలదు కాబట్టి ఒక్క పోచ కూడా మిగలనీయకూడదు.

విప్పిన బోల్టులను ఒక అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే గుచ్చి పెట్టుకోవాలి, ఎందుకంటే అన్నింటి పొడవు ఒకటే ఉండదు. తిరిగి బిగించేటప్పుడు ప్రతి బోల్టును మొదట వేలితోనే తిప్పి ఎక్కించాలి. మర అడ్డంగా పడితే అక్కడే తెలుస్తుంది. కవరు కదలనంత బిగుతు చాలు. ఇంకా తిప్పితే ప్లాస్టిక్ చిట్లుతుంది. రబ్బరు బుష్‌లకు మామూలు గ్రీజు రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి పాడవుతుంది కనుక సిలికాన్ గ్రీజు వాడాలి. అది లేకపోతే సబ్బు నీళ్లు చాలు. పై కవరు లేకుండా నాలుగు రోజులు నడిపినా, ఫిల్టర్ అందులో లేని కార్లకు పెద్ద నష్టం లేదు. కింది కవరును మాత్రం వానకాలంలో తీసి పక్కన పడేయవద్దు, బురద నీళ్లు నేరుగా బెల్టు మీదికి చిమ్ముతాయి.

అన్నీ బిగించాక బ్యాటరీ తీగ కలిపి, ఇంజిన్ నడిపి, బానెట్ తెరిచే ఉంచి రెండు నిమిషాలు వినండి. గలగల చప్పుడు వస్తే, ఏదో ఒక బుష్ మేకు మీద కాకుండా పక్కన కూర్చున్నదేమో చూడండి.