వానాకాలంలో అనంతగిరి అడవి బాటల్లో సైకిల్ తొక్కేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో తొలకరి వానలు మొదలుకాగానే హైదరాబాద్ నుంచి సుమారు 80 కి.మీ. దూరంలో ఉన్న వికారాబాద్ అనంతగిరి గుట్టల వైపు మౌంటెన్ సైకిళ్లతో బయలుదేరేవారి సంఖ్య పెరుగుతుంది. మూసీ నది పుట్టిన ఆ గుట్టలు నాలుగు వానలు పడేసరికి పచ్చబడి, ఎంతటివారినైనా రమ్మని పిలుస్తాయి కనుక వెళ్లవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ కాలంలో ఆ బాటలకు కొత్తగా వచ్చినవారికంటే వేసవిలో వాటిని పదిసార్లు తొక్కినవారి గురించే నాకు ఎక్కువ భయం. ఏ మలుపులో ఎంత వేగం పనికివస్తుందో, ఎక్కడ బ్రేకు పట్టాలో వారి చేతులకు అలవాటైపోయి ఉంటుంది. వాన పడిన తరువాత ఆ లెక్కలలో ఒక్కటీ చెల్లదు.

నేల సంగతి ముందుగా తెలుసుకోవాలి, ఎందుకంటే మిగిలిన జాగ్రత్తలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. గుట్ట పైభాగాన ఉండే ఎర్రటి మొరం నేల నీటిని త్వరగా పీల్చుకుంటుంది, ఓ మోస్తరు వాన తరువాత కొద్ది గంటలకే చక్రానికి పట్టు ఇస్తుంది. కాని ఏటవాలుగా ఉన్న చోట మొరంలోని సన్నని మట్టి కొట్టుకుపోయి, గుండ్రని గులకలు మాత్రం పైన మిగులుతాయి. వాటి మీద చక్రం జొన్నలు పోసిన గచ్చు మీద కాలు జారినట్లు జారుతుంది. గుట్ట దిగి పొలాల వైపు వస్తే నల్లరేగడి ఎదురవుతుంది. తడిసిన రేగడి టైరుకు పొరలు పొరలుగా చుట్టుకుని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుని సైకిల్‌ను అక్కడికక్కడే ఆపేస్తుంది, మరీ మొండిగా తొక్కితే గేర్లు మార్చే భాగమైన వెనుక డిరైలర్ విరిగిపోవచ్చు. రేగడి నేల మీదుగా పోయే దారి ఉంటే గట్టి వాన తరువాత కనీసం రెండు రోజులు ఎండనిచ్చి వెళ్లడం మేలు. తడి బాట మీద చక్రాలు చేసిన గాడి తరువాతి వానకు చిన్న కాలువగా మారి బాటనే కోసేస్తుంది కాబట్టి, ఆగడం మన క్షేమానికే కాదు, బాట క్షేమానికి కూడా అవసరం.

కొన్నేళ్ల కిందట ఒక జులై ఉదయం మా బృందంలోని యువకుడు ఒకరు, వేసవిలో ఎన్నోసార్లు దాటిన బల్లపరుపు బండ మీద అలవాటు చొప్పున ముందు బ్రేకు పట్టారు. ఆ బండ మీద నాచు పచ్చగా కనిపించలేదు. నల్లగా, మామూలు తడి రాయిలాగే ఉంది. తరువాత నేను వంగి గోటితో గీరి చూస్తే మెత్తటి సబ్బు పొరలా ఊడి వచ్చింది. ముందు చక్రం ఒక్కసారిగా పక్కకు పోయింది, ఆయన చేయి చాపి అరచేతి మీద పడ్డారు, విరిగింది మాత్రం భుజం దగ్గరి కాలర్ బోన్. చేయి చాపి పడినప్పుడు ఆ ఎముక విరగడం సైకిల్ తొక్కేవారిలో చాలా తరచుగా జరిగేదే. అక్కడి నుంచి రోడ్డుకు 2 కి.మీ. దూరమే అయినా, చేతిని తువ్వాలుతో మెడకు కట్టి ఆయనను నడిపించుకుని రావడానికి మాకు గంటన్నర పట్టింది.

అందుచేత తడి బండలు, చెట్ల వేళ్లు ఎదురైనప్పుడు పాటించవలసిన పద్ధతిని మనసులో గట్టిగా నిలుపుకోవాలి. వేగం తగ్గించడమంతా వాటిని చేరకముందే, మట్టి నేల మీద ఉండగానే పూర్తి కావాలి. వాటి మీద ఉన్నంతసేపు బ్రేకు పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, పెడల్‌ను బలంగా తొక్కకూడదు. అడ్డంగా పడి ఉన్న వేరును వీలైనంత సూటిగా, దానికి లంబంగా దాటాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా పది పదిహేను అడుగుల ముందుండాలి. సీటును దిగుడు మొదలుకాకముందే కిందికి దించుకుని, మోచేతులు, మోకాళ్లు వదులుగా ఉంచి, నడుమును కొద్దిగా వెనక్కు జరుపుకోవాలి. ఒక దిగుడు చూసి మనసు తటపటాయిస్తే దిగి నడిపించుకుని పోవాలి. ఏళ్ల తరబడి తొక్కుతున్నవారు కూడా అలా దిగి నడవడం నేను చూశాను, నేనూ నడుస్తాను.

సైకిల్ విషయానికి వస్తే, బయలుదేరే రోజు ఉదయం కాదు, రెండు రోజుల ముందే పరీక్షించుకోవాలి, ఎందుకంటే లోపం కనిపించినా మార్చుకునే వ్యవధి ఉండాలి. అన్నిటికంటే ముందు బ్రేకు ప్యాడ్లను చూడండి. ఇసుక కలిసిన బురద నీరు వాటిని సానరాయిలా అరగదీస్తుంది; పొడి నేల మీద నెలలు వచ్చే ప్యాడ్లు ఒకటి రెండు వాన ప్రయాణాలకే అరిగిపోవచ్చు. ప్యాడ్ మీది పదార్థం 1 మి.మీ. కంటే తక్కువగా ఉంటే కొత్తవి వేయించాలి. ట్యూబ్‌లెస్ టైర్లు వాడేవారు లోపల పోసే సీలెంట్‌ను, అంటే చిల్లులను పూడ్చే ద్రవాన్ని, తప్పక చూసుకోవాలి. మన వేసవి వేడికి అది రెండు మూడు నెలల్లోనే ఎండి జిగురు ముద్దలా మారుతుంది, అప్పుడు తుమ్మ ముల్లు దిగితే గాలి ఆగదు. తడి నేలకు టైరు గాలిని మామూలుగా పెట్టేదానికంటే 2 నుంచి 4 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. ట్యూబ్ ఉన్న టైర్లలో మరీ తగ్గించకూడదు. రాయి తగిలినప్పుడు ట్యూబ్ రిమ్ముకు నొక్కుకుని చిరుగుతుంది. చక్రాల యాక్సిళ్లు బిగువుగా ఉన్నాయో లేదో, ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు హ్యాండిల్ తిరిగే కీలైన హెడ్‌సెట్ దగ్గర కదలిక ఉందో లేదో చూడాలి. గొలుసుకు నూనె వేసేటప్పుడు ఒక్క చుక్క కూడా బ్రేకు డిస్క్ మీద పడకుండా చూసుకోవాలి.

హెల్మెట్, వేళ్లు పూర్తిగా కప్పే గ్లవ్స్, మోకాలి కవచాలు లేకుండా ఈ బాటలలోకి దిగవద్దు. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌కు పైకి పగులు కనిపించకపోయినా లోపలి ఫోమ్ పొర నలిగిపోయి ఉండవచ్చు, దానిని మార్చవలసిందే.

వాగులు, పిడుగుల విషయంలో మొహమాటానికి చోటు ఉండకూడదు. పారే నీరు చక్రం మధ్యనున్న హబ్‌ను దాటి వస్తోందంటే ఆ వాగును సైకిల్ మీదా దాటకూడదు, సైకిల్ మోసుకునీ దాటకూడదు. మీరున్న చోట వాన లేకపోయినా తేటగా పారుతున్న నీరు ఉన్నట్టుండి ఎర్రబారి, ఆకులూ పుల్లలూ కొట్టుకువస్తున్నాయంటే పైన వాన దంచిందని అర్థం, వెంటనే గట్టెక్కాలి. ఉరుము వినిపించిందంటే పిడుగు మీదాకా రాగలదన్నట్లే. గుట్ట అంచు నుంచి, ఒంటరి చెట్టు నుంచి దూరంగా జరిగి, వీలైతే పక్కా భవనంలోకో కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము తరువాత 30 నిమిషాల వరకు తిరిగి బయటికి రాకూడదు. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన దామిని యాప్‌ను ఫోన్‌లో పెట్టుకుంటే చుట్టుపక్కల పడే పిడుగుల గురించి హెచ్చరిక వస్తుంది.

అడవి అంచున మొక్కజొన్న, వేరుశనగ చేల దగ్గర ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది, దాని గురించి నగరం నుంచి వచ్చేవారికి తరచుగా తెలియదు. అడవిపందుల బారి నుంచి పంటను కాపాడుకోవడానికి కొందరు చట్టవిరుద్ధంగా చేల చుట్టూ కరెంటు తీగలు అమర్చుతుంటారు. తెలంగాణలో ఇలాంటి తీగలు తగిలి మనుషులు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. దారి తప్పితే చేనుకు అడ్డంపడి పోకుండా, వచ్చిన బాటనే వెనక్కు వెళ్లాలి. తెల్లవారకముందు, చీకటి పడ్డాక పొలాల వైపు అడుగు పెట్టకూడదు.

కలుగుల్లో నీరు నిండడంతో పాములు బయటికి వచ్చే కాలమిది. పంక్చర్ వేసుకోవడానికి ఎండుటాకుల కుప్ప పక్కన కూర్చోవద్దు. రక్తపింజరి ఆ ఆకుల రంగులోనే కలిసిపోయి ఉంటుంది. కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వంటివి ఏవీ చేయకుండా ఉంగరాలు, వాచీ తీసేసి, కాటుపడిన కాలు లేదా చేయి కదలకుండా కట్టెతో ఆసరా ఇచ్చి, 108కు ఫోన్ చేసి నేరుగా విషానికి విరుగుడు మందు ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి కాట్లకు ఒకే మందు పనిచేస్తుంది కనుక పామును వెతికి పట్టుకోవాలనో, చంపి తీసుకువెళ్లాలనో సమయం వృథా చేయకూడదు.

రిజర్వు అడవిలోకి వెళ్లేముందు అటవీ శాఖ స్థానిక సిబ్బందిని అడిగి అనుమతి తీసుకోండి. ఒంటరిగా వెళ్లవద్దు, ముగ్గురుంటే ఒకరు గాయపడినవారి దగ్గర ఉండగా మరొకరు సాయానికి వెళ్లగలరు. లోయల్లో ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి మ్యాపును ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఏ దారిన వెళ్లి ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి బయలుదేరాలి. జులైలో సూర్యుడు 7 గంటల ప్రాంతంలో అస్తమించినా చెట్ల కింద అంతకు గంట ముందే నేల కనిపించదు, కనుక 5 గంటలకల్లా తిరుగుముఖం పట్టాలి.

ఇంటికి చేరాక సైకిల్ కడగడం కంటే ముందు స్నానం చేసి, తొడిగిన బట్టలన్నీ వేడినీటిలో ఉతకాలి. పొదల్లోనూ గడ్డిలోనూ ఉండే మైట్ అనే కంటికి ఆనని సన్నని పురుగుల పిల్లలు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరపు జబ్బు రావచ్చు. జ్వరం మాత్రం వెంటనే కాక, 6 నుంచి 21 రోజుల మధ్య మొదలవుతుంది. చంకలో, గజ్జల్లో, నడుము పట్టీ కింద సిగరెట్‌తో కాల్చినట్లు ఉండే చిన్న నల్లటి పొక్కు ఉందేమో చూసుకోండి. ఆ పొక్కు కనిపించినా, కనిపించకపోయినా మూడు వారాల్లోపు జ్వరం వస్తే, తాను అడవిలో సైకిల్ తొక్కి వచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. ఆ ఒక్క మాట వల్ల సరైన పరీక్ష, డాక్సీసైక్లిన్ వంటి సరైన మందు త్వరగా అందే అవకాశం పెరుగుతుంది.