ఎలైట్ డేంజరస్‌లో డాకింగ్: చేత్తోనా, కంప్యూటర్‌తోనా?

ఎలైట్ డేంజరస్ అనే స్పేస్ గేమ్‌లో డాకింగ్ అంటే మన షిప్‌ని అంతరిక్ష స్టేషన్‌లో దించడం. కొత్తవాళ్లయితే ముందు డాకింగ్ కంప్యూటరే పెట్టుకోండి, తప్పేం లేదు. స్టేషన్‌కి 7.5 కిలోమీటర్ల లోపుకి వచ్చి పర్మిషన్ అడిగి, ఓకే రాగానే థ్రాటిల్ సున్నా చేసి చేతులు తీసేస్తే మిగతాది అదే చూసుకుంటుంది. కాకపోతే నిదానం.

చేత్తో అయితే టెన్షన్ అంతా స్టేషన్ లోపలికి వెళ్లే గుమ్మం దగ్గరే. స్టేషన్ తిరుగుతూ ఉంటుంది కదా, దాంతోపాటే షిప్‌ని మెల్లగా రోల్ చేస్తూ, ఆకుపచ్చ లైట్లు కుడివైపు ఉండేలా చూసుకుని, వేగం సెకనుకు 100 మీటర్లు దాటకుండా లోపలికి దూరండి. అంతకన్నా స్పీడుగా పోయి ఎవరినైనా గుద్దితే కేసు మీ మీదే. రొటేషనల్ కరెక్షన్ ఆన్‌లో ఉంచితే లోపల షిప్ తనంతట తనే స్టేషన్‌తో తిరుగుతుంది. దిగాల్సిన ప్యాడ్ నంబరు వెతికే హడావిడిలో ల్యాండింగ్ గేర్ దించడం మర్చిపోకండి, నేనైతే ఇప్పటికీ మర్చిపోతుంటాను.