గోడ మీది గీతలతో పిల్లల ఎదుగుదలను గమనించే పద్ధతి

ఆడపిల్ల పెద్దమనిషి అయిన రోజున నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో చిమ్మిలి దంచి, బంధువులను పిలిచి, ఎదుగుదల అప్పుడే మొదలైనట్టు వేడుక చేస్తారు. శరీరం లెక్కలో మాత్రం అది చివరి అంచెలలో ఒకటి. రొమ్ము మొగ్గ తొడిగిన రెండు, రెండున్నర ఏళ్ల తర్వాత గాని సాధారణంగా తొలి నెలసరి రాదు. అందువల్ల ఆ రోజు కోసం కాచుకోకుండా, ఎనిమిదో ఏటికి ముందు నుంచే పిల్లల ఎత్తు గుర్తు పెట్టుకోవడం మంచిది.

చెప్పులు తీయించి, జడ విప్పించి, మడమలు గోడకు ఆనేటట్టు నిలబెట్టాలి. చూపు నేరుగా ఉండాలి. తల మీద పలకను అడ్డంగా ఉంచి (మార్కాపురం రాతిపలక ఇంట్లో ఉంటే అంతకంటే తిన్నని అంచు వెతకనక్కరలేదు), దాని అడుగున గీత గీసి తేదీ వేయాలి. వెన్నుపూసల మధ్య మెత్తని భాగాలు సాయంత్రానికి అణిగి ఎత్తు కొంత తగ్గుతుంది కనుక, ప్రతిసారీ ఉదయమే కొలవాలి. ఆరు నెలలకొకసారి చాలు. నెలనెలా కొలిస్తే పిల్లల ఎదుగుదల కంటే కొలతలోని పొరపాట్లే ఎక్కువగా కనిపిస్తాయి.

బాల్యంలో ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగే గీత ఒక్కసారిగా 8 దాటితే, మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందనే ఉండే పీయూష గ్రంథిని (పిట్యూటరీ), అది అండాశయాలను లేదా వృషణాలను మేల్కొలిపినట్టే. మగపిల్లలకు ఈ ఊపు సుమారు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. ఏడో తరగతిలో ఆడపిల్లలే పొడుగ్గా కనిపించడానికి కారణం ఇదే. మగపిల్లల్లో మొదటి గుర్తు మీసమో గొంతు బొంగురుపోవడమో అనుకుంటారు గాని, అంతకు చాలా ముందే వృషణాలు పెరుగుతాయి. చివరకు ఎముకల కొసల్లోని పెరిగే భాగాన్ని మూసివేసి ఎత్తు పెరగడాన్ని ఆపేది, మగపిల్లల్లో సైతం, ఈస్ట్రోజెన్ హార్మోనే. తొలి నెలసరి తర్వాత ఆడపిల్లలు మరో 5 నుంచి 7 సెంటీమీటర్లు మాత్రమే పెరగడం, మరీ ముందుగా ఎదిగిన పిల్లలు ఒక్కోసారి పొట్టిగా మిగిలిపోవడం దాని ఫలితాలే.

ఆడపిల్లకు 8, మగపిల్లవాడికి 9 ఏళ్లు నిండకముందే ఈ గుర్తులు కనిపించినా, వరుసగా 13, 14 ఏళ్లు నిండినా కనిపించకపోయినా, 15 దాటినా నెలసరి రాకపోయినా పిల్లల వైద్యునికి చూపించాలి. ఆయన ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముకల వయసు, అంటే అవి ఏ వయసుకు తగినట్టు ముదిరాయో, చూస్తారు.

ఈ ఏళ్లలో ఇనుము అవసరం పెరుగుతుంది. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రను భోజనం తర్వాత వేసుకోవాలి. వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు, పొదలకూరు నిమ్మకాయ పిండుకున్న నీళ్లు తాగితే బాగా పడుతుంది. కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడు ఉన్న బోరునీళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెరిగే ఎముక ఫ్లోరైడును ఎక్కువగా పీల్చుకుంటుంది. నీళ్లు కాచినంత మాత్రాన అది పోదు. ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో చిక్కబడుతుంది. తాగడానికి, వంటకు శుద్ధి చేసిన నీళ్లే వాడాలి.

ఎదిగిన పిల్లల గీత ఏడాదిలో ఒక సెంటీమీటరు కూడా కదలకపోతే కొలవడం ఆపి, గోడకు వెల్ల వేసుకోవచ్చు.